ఎవరిదీ కాని మందు గురించి డాక్టర్ గారికి ఎవరు చెప్పాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక మాత్రల షీటుతో మొదలుపెడదాం.

పోయిన నెల అమ్మకి బీపీ మాత్రలు తేవడానికి మా వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళాను. డాక్టర్ గారు రాసిన కంపెనీ మాత్ర అయిపోయింది. షాపతను ఇంకో షీటు తీసిచ్చి "మందు అదే సార్, కంపెనీ వేరు, రేటు సగం" అన్నాడు. వెనక్కి తిప్పి చూశా. ఆమ్లోడిపిన్ టాబ్లెట్స్ ఐ.పి., 5 మిల్లీగ్రాములు. పాత షీటు మీదా అక్షరం పొల్లు పోకుండా అదే ఉంది. సరే అని తెచ్చేశా.

అమ్మ ఆ షీటుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ఇది డాక్టర్ గారు రాసింది కాదు కదరా" అని టీవీ పక్కన పెట్టేసింది. నేను బీటెక్ చదివినవాణ్ణి కదా, మాలిక్యూల్ ఒకటేనమ్మా అని పావుగంట లెక్చర్ ఇచ్చా. ఏం లాభం లేదు. అక్కడే కూర్చున్న మా బాబాయి నవ్వుతూ ఉన్నాడు. ఆయన ఇరవై రెండేళ్ళు మెడికల్ రెప్‌గా చేశాడు. గుంటూరు, తెనాలి, నరసరావుపేట ఆయన రూటు. ఓపీ అయిపోయేదాకా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చుని, చివర్లో రెండు నిమిషాలు లోపలికెళ్ళి మాట్లాడి రావడం, అదీ ఉద్యోగం.

"బాబాయ్, ఆ షీటు మీద ఐ.పి. అని ఉంటుంది కదా, దాని గురించి ఎప్పుడైనా డాక్టర్లకి చెప్పావా?" అని అడిగా.

ఆయన కాసేపు ఆలోచించి, "ఐ.పి. గురించి చెప్పిరమ్మని నన్నెవరూ పంపలేదురా. మా కంపెనీ పేరు గురించి చెప్పిరమ్మని పంపారు. జీతం ఇచ్చింది వాళ్ళే కదా" అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగిపోయానండీ. ఆ రాత్రి నుంచి దీని చరిత్ర తవ్వుతూ కూర్చున్నా. తవ్వగా తవ్వగా 1892 కలకత్తాలో తేలా.

అసలు ఐ.పి. అంటే ఏంటి?

ఐ.పి. అంటే ఇండియన్ ఫార్మకోపియా. మందులకి దేశం మొత్తానికీ ఒకటే రూల్ బుక్ అనుకోండి. ఫలానా మందులో ఏముండాలి, ఎంత శాతం ఉండాలి, ఎంత శుద్ధంగా ఉండాలి, ఏ పరీక్ష చేస్తే అది తెలుస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే టైప్-సి ఛార్జర్ లాంటిది. పోర్టు కొలతలు ఒక కంపెనీ సొత్తు కాదు. ఆ కొలత ప్రకారం ఎవరు చేసినా మీ ఫోనుకి పట్టాలి.

మన ఫార్మకోపియా మొదటి ఎడిషన్ 1955లో వచ్చింది. అంతకుముందు ఇక్కడ నడిచింది బ్రిటిష్ ఫార్మకోపియా. అది 1864 నాటిది. అప్పటిదాకా లండన్‌కి ఒక పుస్తకం, ఎడిన్‌బరోకి ఒకటి, డబ్లిన్‌కి ఒకటి ఉండేవి. ఒకే పేరున్న మందు ఊరు మారితే గాఢత మారిపోయే ప్రమాదం ఉండేది. ఆ మూడింటినీ కలిపి ఒకటి చేశారు.

ఆ రోజుల్లో డాక్టర్ చీటీ ఇలా షీట్ల పేర్లతో ఉండేది కాదు. మా తాతయ్య చెప్పేవాడు, కాంపౌండరు గారు సీసాలో ఎర్రమందు కలిపి, పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవారట. ఒక్కో మెట్టు ఒక్కో డోసు. ఆ ఎర్రమందులోకి వెళ్ళే సరుకులే ఫార్మకోపియా మందులు. టింక్చర్లు, సిరప్‌లు, లైకర్లు. డాక్టరు లాటిన్‌లో ఆ పేరు రాస్తే చాలు, రూల్ ప్రకారం ఏ షాపులో కట్టించినా ఒకటే రావాలి.

రూల్ ప్రకారం అన్నాను, గుర్తుపెట్టుకోండి.

కాలేజీ మాస్టారు, ఎముకలు, కాకులు

ప్రఫుల్ల చంద్ర రాయ్ పేరు మనం స్కూల్లో ఒక బిట్ ప్రశ్నగా చదివి వదిలేశాం. ఎడిన్‌బరోలో కెమిస్ట్రీలో డీఎస్సీ చేసి, 1888లో తిరిగొచ్చి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. జీతం నెలకి 250 రూపాయలు. అందులోనే తండ్రి మిగిల్చిన అప్పులు తీర్చుకోవాలి.

ఆయన్ని తొలిచిన విషయం ఒకటుంది. కలకత్తాలో మందుల షాపుల్లో ఉన్న సరుకు దాదాపు మొత్తం ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చేదే. పుస్తకంలో ఫార్ములా అచ్చేసి ఉంది. చెయ్యడం తెలిసిన కెమిస్ట్రీ పట్టభద్రులు ఉద్యోగాలు లేక తిరుగుతున్నారు. మరి మనం ఎందుకు చేసుకోకూడదు?

1892లో, 91 అప్పర్ సర్క్యులర్ రోడ్డులో తను అద్దెకుంటున్న ఇంట్లోనే మొదలుపెట్టారు. పెట్టుబడి 700 రూపాయల చిల్లర. ఇప్పుడు మనం గ్యారేజీ స్టార్టప్ అంటాం కదా, అచ్చం అదే. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే బట్టలు మార్చుకుని పనివాడిలా దిగిపోయేవారు.

మొదట్లో చేసిన వాటిలో ఒకటి సోడియం ఫాస్ఫేట్. దానికి పశువుల ఎముకలు కావాలి. కసాయి కొట్ల నుంచి పచ్చి ఎముకలు తెప్పించి డాబా మీద ఎండబెట్టారు. అసలే సాంప్రదాయం పాటించే ఇళ్ళున్న వీధి. కాకులు వచ్చి ఎముక ముక్కలు ఎత్తుకెళ్ళి పక్కిళ్ళ మీద పడేసేవి. పక్కవాళ్ళు ఊరుకుంటారా? ఎముకలు తీస్తారా, మున్సిపాలిటీ వాళ్ళని పిలవమంటారా అని గొడవ. ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. 1932లో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం అది.

సరే, ఎముకల గండం గట్టెక్కింది. తర్వాత వరసగా బ్రిటిష్ ఫార్మకోపియా మందులు పట్టుకున్నారు. సిరప్ ఆఫ్ ఐరన్ అయోడైడ్, స్పిరిట్ ఆఫ్ నైట్రస్ ఈథర్, లైకర్ ఆర్సెనికాలిస్. పుస్తకం ఏం చెప్పిందో అదే, ఆ కొలతకే. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఈ మాట ముఖ్యం. ఆయన అమ్మాలనుకున్నది తన ఫార్ములా కాదు, అందరి ఫార్ములా.

డాక్టర్ భయం ఉత్త భయం కాదు

మందు తయారైంది. సీసాల్లో పోసి, లేబుల్ అంటించి, మందుల షాపులకి తీసుకెళ్ళారు. వాళ్ళ సమాధానం ఊహించండి. మా అమ్మ సమాధానమే! పేరున్న విలాయతీ సరుకైతే జనం కళ్ళు మూసుకుని కొంటారు, ఊరూ పేరూ లేని ఈ నాటు సరుకు ఎవడు కొంటాడు అన్నారు.

షాపువాడి మాట వెనక అసలు మనిషి డాక్టరు. చీటీ రాసేది ఆయన. డాక్టరుకి నమ్మకం లేని సరుకుని షాపువాడు అరల్లో పెట్టడు. అరల్లో లేని సరుకు డాక్టరు కళ్ళకి కనపడదు. గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఇక్కడ మనం తొందరపడి ఆ డాక్టర్లందరికీ విదేశీ మోజు అని తేల్చేయకూడదండీ. లైకర్ ఆర్సెనికాలిస్ సంగతే చూడండి. 1786లో థామస్ ఫౌలర్ అనే ఇంగ్లిష్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన ద్రావణం అది. పేరులోనే ఉంది, ఆర్సెనిక్, అంటే పాషాణం. ఫార్మకోపియా ప్రకారం వందకి ఒక వంతు. చలిజ్వరానికీ చర్మరోగాలకీ చుక్కల లెక్కన ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మీరే ఆ డాక్టరు అనుకోండి. ఒక కుర్రాడు వచ్చి "సార్, ఇది మా డాబా ఇంట్లో చేశాం" అంటున్నాడు. వందకి ఒకటి బదులు రెండు పడితే? చచ్చేది ఆ కుర్రాడు కాదు, మీ పేషెంటు. సంతకం మీది.

పుస్తకంలో ప్రమాణం ఉన్నంత మాత్రాన సీసాలో ఉన్నట్టు కాదు. ఆనాటి ఇండియాలో సీసా తెరిచి పరీక్షించి ఇది పుస్తకం ప్రకారమే ఉందని ముద్ర వేసే ప్రభుత్వ వ్యవస్థ లేదు. అలాంటప్పుడు లండన్ కంపెనీ పేరే డాక్టరుకి ల్యాబ్ రిపోర్టు.

కానీ కెమిస్ట్రీ వైపు నుంచి చూస్తే బలమైన వాదన ఇంకోటుంది. ఆ మందుల్లో కొన్ని నిలవకి పనికిరావు. నైట్రస్ ఈథర్ స్పిరిట్ ఎగిరిపోయే రకం, మూత తీసి వేసే కొద్దీ, వేడి తగిలే కొద్దీ బలం తగ్గుతుంది. ఐరన్ అయోడైడ్ సిరప్ గాలి తగిలితే పాడై గోధుమరంగుకి తిరుగుతుంది. వారాల తరబడి ఓడలో వచ్చి, మన ఎండల్లో గోడౌన్లో మగ్గిన సీసా కన్నా, ఊళ్ళో పోయిన వారం చేసిన సీసా మంచిదవ్వాలి. పేరేమో అక్కడిది గొప్ప, సరుకేమో ఇక్కడిది తాజా. ఈ సంగతి డాక్టరు గదిలోకి వెళ్ళి, డాక్టరు భాషలో, నమ్మేలా ఎవరు చెప్పాలి?

కాలేజీ మాస్టారు చెప్తే కుదరదు. ఆయన చీటీ రాసేవాడు కాదు కదా.

అమూల్య బాబు

ఇక్కడ ఈ కథలోకి వచ్చిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. డాక్టర్ అమూల్య చరణ్ బోస్. రాయ్ గారి పాత స్నేహితుడు, కలకత్తాలో బాగా ప్రాక్టీసున్న డాక్టరు. ఆయన కంపెనీలో డబ్బు పెట్టాడు, సమయం పెట్టాడు. అన్నిటికన్నా ముఖ్యం, తన చీటీ పెట్టాడు. ముందు తన పేషెంట్లకి తనే రాశాడు. తర్వాత తోటి డాక్టర్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆ తోటి డాక్టర్లు ఎవరో చూడండి. రాధా గోవింద కర్, నీల్‌రతన్ సర్కార్, సురేశ్ ప్రసాద్ సర్వాధికారి. కలకత్తాలో ఆర్.జి. కర్ మెడికల్ కాలేజీ, ఎన్.ఆర్.ఎస్. మెడికల్ కాలేజీ ఉన్నాయి కదా, అవి మొదటి ఇద్దరి పేర్లే. ఇలాంటివాళ్ళు చీటీ మీద బెంగాల్ కెమికల్ అని రాయడం మొదలుపెడితే, నిన్నటిదాకా మొహం తిప్పుకున్న షాపువాడు వెతుక్కుంటూ వచ్చి కొనాల్సిందే.

మా బాబాయి చేసిన పనీ ఇదే కదా అంటారేమో. పైకి ఒకటేలా ఉంటుంది. తేడా ఎక్కడంటే, అమూల్య బాబు పొరపాటు చేస్తే మూల్యం తనే చెల్లించాలి. తన పేషెంటు, తన ప్రాక్టీసు, తన పేరు. అందుకే ఆయన మాట డాక్టర్లకి ఎక్కింది.

ఆయన ఇంకో పని కూడా చేశాడు. మన వైద్యులు తరతరాలుగా వాడే మూలికల్ని ఇంగ్లిష్ మందుల పద్ధతిలో, ఒక కొలతకి తెచ్చి సీసాల్లో పెట్టించాడు. అడ్డసరం ఆకుతో దగ్గు సిరప్, నేలవేము, కొడిశపాల బెరడు, వాము. అవునండీ, కడుపు నొప్పికి మన నాయనమ్మలు ఇచ్చే వామునీళ్ళే ఆక్వా టైకోటిస్ అని లాటిన్ పేరు కట్టుకుని డాక్టరు బల్ల మీదికి వెళ్ళాయి! ఇవాళ అది నవ్వొచ్చేలా ఉండొచ్చు. అప్పుడు మాత్రం అవసరం. వామునీళ్ళు అని చెప్తే రాయని డాక్టరు, ఆక్వా టైకోటిస్, ఇంత గాఢత, ఇంత డోసు అంటే రాస్తాడు. 1900లో బ్రిటిష్ ఫార్మకోపియాకి ఇండియా, ఇతర వలసల కోసం ఒక అనుబంధం వేశారు. అందులో మన అడ్డసరానికి కూడా చోటు దొరికింది.

ఇద్దరు పోయారు

ఇంతవరకూ స్టార్టప్ సక్సెస్ స్టోరీలా ఉంది కదా. కాదు.

అమూల్య బాబు తన బావమరిది వరసైన సతీశ్ చంద్ర సిన్హాని కంపెనీలోకి తెచ్చాడు. కెమిస్ట్రీలో ఎంఏ చేసిన కుర్రాడు. ల్యాబ్‌లో ప్రమాదవశాత్తూ హైడ్రోసయానిక్ ఆసిడ్ విషం తగిలి చనిపోయాడు. ఫార్మకోపియాలో ఉన్న ఎన్నో పదార్థాల్లాగే అదీ ప్రాణం తీసేదే.

1898లో కలకత్తాకి ప్లేగు వచ్చింది. అమూల్య బాబు ఒక ప్లేగు రోగికి వైద్యం చేశాడు. ఆ జబ్బు ఆయనకే అంటుకుంది. ఆ ఏడే పోయాడు.

కంపెనీ మొదలై ఆరేళ్ళు. మందు చేసే కుర్రాడూ లేడు, మందుని డాక్టర్ల దగ్గరికి చేర్చిన మనిషీ లేడు. రాయ్ గారు మళ్ళీ దాదాపు ఒంటరి. అయినా ఆగిపోలేదు. 1901లో అది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ లిమిటెడ్ అయింది. 1905లో మాణిక్‌తలాలో ఫ్యాక్టరీ. అమూల్య బాబు లేకపోయినా చీటీలు ఆగలేదంటే, ఆయన సంపాదించి పెట్టిన నమ్మకం అప్పటికే ఆ సీసాకి అంటుకుపోయింది.

అదే కాలంలో అమెరికాలో

ఇది ఒక్క మన దేశపు ఇబ్బంది అనుకుంటే పొరపాటు. తెల్లవాళ్ళ దేశంలో తెల్లవాళ్ళ మందులకీ ఇదే గతి పట్టింది. ఆ కథ చూస్తే అసలు సమస్య ఇంకా స్పష్టంగా కనపడుతుంది.

అమెరికాకి 1820 నుంచీ సొంత ఫార్మకోపియా ఉంది. దానికి తోడు 1888లో మందుల షాపులవాళ్ళ సంఘం నేషనల్ ఫార్ములరీ అని ఇంకో పుస్తకం వేసింది. 435 ఫార్ములాలు. ఎందుకు వేశారంటే, డాక్టర్లు చీటీ మీద కంపెనీలు పెట్టిన ఫ్యాన్సీ పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఒక్కో కంపెనీ అమృతాన్నీ ఒక్కో సీసా చొప్పున షాపువాడు కొని పెట్టుకోవాలి. అందులో ఏముందో రాసిన డాక్టరుకీ తెలీదు, ఇచ్చిన షాపువాడికీ తెలీదు.

దీనికి మంచి ఉదాహరణ యాంటీకామ్నియా. సెయింట్ లూయిస్ నగరంలో తయారైన నొప్పుల మందు. అస్థిపంజరాలు రకరకాల వేషాలేసుకున్న రంగుల క్యాలెండర్లు అచ్చు వేయించి, 1897 నుంచి 1901 దాకా డాక్టర్లకి ఊరికే పంపారు. ఎంత ముచ్చటగా ఉంటాయంటే వాటిని ఇప్పటికీ జనం వేలంలో కొంటున్నారు. కొత్తగా తయారుచేసిన ప్రత్యేక రసాయనం అన్నట్టు ప్రచారం. 1905లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక పరీక్షల వివరాలు బయటపెట్టింది. అందులో ఎక్కువ భాగం అసిటానిలైడ్! అప్పటికే అందరికీ తెలిసిన చవక మందు. మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మొయ్యలేక పెదవులు నీలంగా మారి ప్రాణం మీదికొచ్చే మందు.

ఆ ఏడాదే అమల్లోకొచ్చిన ఫార్మకోపియాలో అసిటానిలైడ్ పొడి ఒకటి చేర్చారు. వందలో 70 అసిటానిలైడ్, 10 కెఫీన్, 20 వంటసోడా. మందు అదే, ప్రమాదమూ అదే. పుస్తకంలో పెట్టినంత మాత్రాన అది మంచిదైపోలేదు. కాకపోతే ఇప్పుడు డాక్టరుకి తను ఏం ఇస్తున్నాడో, ఎంత ఇస్తున్నాడో తెలుసు. ప్రమాణం ఇచ్చేది ముఖ్యంగా అదే, కళ్ళు తెరిచి రాసే అవకాశం. 1906లో కేంద్ర చట్టం వచ్చి ఆ రెండు పుస్తకాల్నీ అధికారిక ప్రమాణాలు చేసింది.

చట్టం వచ్చింది కదా అని డాక్టరు కలం మారిపోతుందా? మారలేదు. అందుకని షాపులవాళ్ళే కదిలారు. అప్పట్లో ప్రోపగండా అనే మాట ఇంకా బూతు కాలేదు, ఆ పనికి ఆ పేరే పెట్టారు. పుస్తకం మందులకి ప్రోపగండా. డాక్టర్లతో కలిసి సభలు పెట్టారు, ఫార్మకోపియా సిరప్‌లు, ఎలిక్సిర్లు తాజాగా చేసి శాంపిళ్ళు పంచారు, ఉత్తరాలు రాశారు. వాళ్ళు చెప్పింది ఒక్కటే. మీరు రాస్తున్న ఆ ఫ్యాన్సీ సీసాకి బదులు ఇది రాయండి, ఫార్ములా దాచింది కాదు, మీ ఊళ్ళో ఏ షాపువాడైనా చేస్తాడు.

వాళ్ళకి స్వార్థం లేదా అంటే ఉంది. మందు తమ షాపులో తయారైతే లాభం తమది. కానీ ఆ స్వార్థం వందల షాపులకి చిన్న చిన్న ముక్కలుగా పంచుకుపోయింది. కంపెనీ స్వార్థమేమో ఒక్క చోట ముద్దగా ఉంది. కంపెనీ మనిషి నెలనెలా వస్తాడు. సంఘం వాళ్ళ సభ ఏడాదికి ఏ ఒకటో రెండో సాయంత్రాలు. ఎవరి మాట గుర్తుంటుంది చెప్పండి? పుస్తకాలు రెండూ బతికాయి, ఇప్పటికీ ఒకటిగా కలిసి వస్తున్నాయి. చీటీ మీద మాత్రం పేర్లే గెలిచాయి.

మనలో కోడింగ్ చేసేవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. కోట్ల ఫోన్లలో నడిచే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటుంటుంది. అందరూ వాడతారు. దాని గురించి చెప్పడానికి సేల్స్ టీం ఉండదు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. ప్రమాణం మందుకి పట్టిన శని అదే.

మరి కలకత్తాలో ఎలా కుదిరింది?

ఇక్కడ నాకు కొంచెం చేదుగా అనిపించిన సంగతి చెప్తా.

బెంగాల్ కెమికల్ గెలిచింది కదా. దేని మీద గెలిచింది? ఇది బ్రిటిష్ ఫార్మకోపియా మందు అన్న మాట మీద మొదలై, చివరికి ఇది బెంగాల్ కెమికల్ మందు అన్న మాట మీద నిలబడింది. అంటే అందరి ఫార్ములాని అమ్మడానికి కూడా ఒక పేరు కావాల్సొచ్చింది. 1903లో ఆ కంపెనీలో చేరిన రాజశేఖర్ బోస్ కెమిస్టు, పైగా పరశురామ్ అనే కలం పేరుతో బెంగాలీలో గొప్ప హాస్య రచయిత. పేరు పెట్టడం, మాట కూర్చడం బాగా తెలిసిన మనిషి చేతిలో కంపెనీ పెరగడం యాదృచ్ఛికం అని నేననుకోను.

సరిగ్గా అదే సమయంలో మన తెలుగాయన ఒకరు ఇంకో దారి పట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ఆయన డాక్టరు గది వైపు వెళ్ళలేదు. సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఉచితంగా పంచారు. తలనొప్పి ఉన్నవాడి నుదుటికే నేరుగా చేర్చారు. పై పూత మందుకి అది చెల్లింది, బ్రహ్మాండంగా చెల్లింది. ఆర్సెనిక్ చుక్కలు అలా పంచలేం కదా. చీటీ కావాల్సిన మందుకి మధ్యలో డాక్టరు ఉండి తీరాలి. ఆ డాక్టరు నమ్మాలి.

ఆ నమ్మకం ఒక్కో కంపెనీ విడివిడిగా సంపాదించుకోనక్కర్లేకుండా, దేశం తరఫున ఎవరో ఒకరు సీసా తెరిచి పరీక్ష చెయ్యాలని ప్రభుత్వానికి తట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1930లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన డ్రగ్స్ ఎంక్వయిరీ కమిటీ వేశారు. దేశంలో నాసిరకం, కల్తీ మందుల సంగతి అది నివేదికలో పెట్టింది. దాని మీద డ్రగ్స్ చట్టం వచ్చింది 1940లో. సొంత ఫార్మకోపియా 1955లో. రాయ్ గారి డాబా మీద ఎముకలు ఎండినప్పటి నుంచి లెక్కేస్తే అరవై మూడేళ్ళు.

ఇప్పుడు మన చీటీ

1975లో హాథీ కమిటీ ఒక పెద్ద మాట చెప్పింది. బ్రాండు పేర్లు దశలవారీగా తీసేద్దాం, ముందు 13 మందులతో మొదలుపెడదాం అని. తర్వాత ప్రభుత్వం ఐదు మందులతో ప్రయత్నిస్తే వ్యవహారం కోర్టుకెక్కి ఆగింది. 2002 నాటి డాక్టర్ల ప్రవర్తనా నియమాల్లో వీలైనంతవరకు జనరిక్ పేర్లు రాయమని ఉండేది. 2008లో జన ఔషధి షాపులు మొదలయ్యాయి. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ జనరిక్ పేర్లే రాయాలి, రాయకపోతే చర్య అని కొత్త నియమాలు తెచ్చింది. డాక్టర్ల సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. అదే నెలలో ఆ నియమాలు పక్కన పెట్టారు.

డాక్టర్లు అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? ప్రతి బ్యాచీ పరీక్షించారని మాకు భరోసా ఎవరిస్తారు, రేపు మందు పనిచెయ్యకపోతే పేషెంటు అడిగేది మమ్మల్నే కదా అని.

వినగానే ఇది కంపెనీల మాట అనిపించొచ్చు. కొన్నిచోట్ల అయ్యుండొచ్చు కూడా. డాక్టర్లకి ఇచ్చే బహుమతుల ఖర్చుని కంపెనీలు పన్ను లెక్కల్లో మినహాయించుకోవడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చిందంటే, అస్థిపంజరాల క్యాలెండర్లు పంచే అలవాటు ఎక్కడికీ పోలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం 1892 నాటి ప్రశ్నే. వందకి ఒకటి అని పుస్తకంలో ఉంది సరే, ఈ సీసాలో ఉందా?

నాకు అర్థమైంది ఇది. జీవో ఇచ్చి డాక్టరు చేత జనరిక్ పేరు రాయించొచ్చు, నమ్మించలేం. అమూల్య బాబు చేసిన పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి, సీసాలో ఏముందో తెలిసిన మనిషిగా డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పడం. రెండు, తప్పైతే బాధ్యత తను మొయ్యడం. ఇవాళ మొదటి పని బ్రాండ్ల తరఫున మా బాబాయి లాంటివాళ్ళు లక్షల మంది చేస్తున్నారు. ఐ.పి. అనే ఆ రెండక్షరాల తరఫున చేసేవాళ్ళు ఎంతమంది? రెండో పని, అంటే పరీక్షించడం, ఆ ఫలితాలు డాక్టరుకీ మనకీ కనపడేలా పెట్టడం, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం, అది ప్రభుత్వం గట్టిగా చేస్తేనే మొదటి పనికి విలువ.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తా. నా లెక్చరుకి లొంగలేదని చెప్పా కదా. మర్నాడు ఆ షీటు పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికే వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెనక అంతా చదివి, ఎక్స్‌పైరీ డేటు చూసి, "వాడొచ్చమ్మా. పది రోజులు వాడి బీపీ చూపించండి. తేడా వస్తే నాది పూచీ" అన్నారు. అమ్మ ఆ రాత్రే వేసుకుంది. పది రోజుల తర్వాత వెళ్తే బీపీ ఎప్పట్లాగే ఉంది.

బయటికొచ్చాక బాబాయికి ఫోన్ చేసి చెప్పా. "చూశావా, రెండు నిమిషాలే పట్టింది" అన్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి షీటు గొడవ ఎప్పుడైనా జరిగిందా? డాక్టర్లు, ఫార్మసిస్టులు, మెడికల్ రెప్‌లు ఎవరైనా చూస్తుంటే మీ వైపు మాట కామెంట్లో రాయండి, నేను చదువుతా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఈ ఎపిసోడ్ చూసి మీ మందులు మీరే మార్చేసుకోకండి. షీటు పట్టుకెళ్ళి మీ డాక్టర్ గారిని అడగండి.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్లో కలుద్దాం.